రోస్విటా గారి నోట తిట్టు పలకదు

రోస్విటా కీనాస్ట్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఒకరి తిట్టును ఇంకొకరికి అందించడం ఆవిడకు చేతకాదు. బళ్ళో పాఠాలు చెప్పుకున్నన్నాళ్ళూ దీనివల్ల ఎవరికీ నష్టం రాలేదు. డెబ్బై దగ్గర పడుతున్న వయసులో ఆవిడ జర్మన్ సైన్యంలో దుభాషిగా చేరారు. చేరితే చేరారు, ట్యాంకుల పటాలంలోని ఎగ్గర్ట్ ల్యూడర్స్ పక్కన పడ్డారు. ల్యూడర్స్ మాటల్లోంచి తిట్లు ఏరి పారేస్తే ఇక మిగిలేవి 'కుడి', 'ఎడమ', కొన్ని అంకెలూ.

ఉక్రెయిన్‌కు ట్యాంకులు ఇవ్వాలా వద్దా అని బెర్లిన్‌లో పెద్దలు నెలల తరబడి వాదించుకుని చివరికి ఇద్దామన్నారు. ఇచ్చేవి ల్యూడర్స్ పటాలంలోని లెపర్డ్ ట్యాంకులే. ఆయన వాటితోనే తల నెరిపించుకున్నాడు. ఏ ట్యాంకు దగ్గిందో షెడ్డు బయట నిలబడి చెప్పగలడు. ఇచ్చెయ్యమన్నప్పుడు మాత్రం మారు మాట్లాడలేదు. ఎప్పుడో ఇవ్వాల్సింది అని భోజనాల దగ్గర బల్ల గుద్దినవాడే. కానీ తీసుకుపోయేవాళ్ళు వాటిని సరిగా చూసుకోవాలి. అది నేర్పే పని ఆయనకే అప్పగించారు. మామూలుగా నెలలు పట్టే చదువును అయిదారు వారాల్లో బుర్రకెక్కించాలి.

ఆయన చేతికి వచ్చిన ఉక్రెయిన్ జట్టులో నలుగురు. నాయకుడు ఓస్టాప్, అడిగితే తప్ప నోరు విప్పని మనిషి. డ్రైవరు డెమ్యాన్. గురి చూసేది యారెమా, ఎప్పుడు చూసినా అప్పుడే నిద్ర లేచినట్టుంటాడు. గుండు ఎత్తి ఫిరంగిలో పెట్టేది హ్నాట్, గుమ్మానికి అడ్డం పడితే వెలుతురు రానంత మనిషి.

రోస్విటా గారికి వాళ్ళ భాష పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. పడుచుతనంలో ఆవిడ ఉక్రెయిన్‌లో గ్యాసు పైపులైను వేసేచోట క్యాంటీన్‌లో పనిచేశారు. అక్కడి ఆడవాళ్ళతో కలిసి ఉల్లిపాయలు తరుగుతూ నేర్చుకున్న భాష అది. అందుకని ఆవిడ నోరు తెరిస్తే ఆ కుర్రాళ్ళకు వాళ్ళ ఊళ్ళో ముసలమ్మ మాట్లాడినట్టే ఉండేది. మొదటి పూటే 'అమ్మమ్మా' అని పిలవడం మొదలెట్టారు.

మొదటి పూటే గొడవ కూడా అయింది. డెమ్యాన్ అంతవరకూ నడిపిన పాత ట్యాంకులు వెనక్కి నడవమంటే నత్తలా నడిచేవి. లెపర్డ్ వెనక్కి కూడా కారులా పరుగెత్తుతుందని తెలిసేసరికి అతని ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. ఇసుక రేపుకుంటూ వెనక్కి వెనక్కి పోయి, బిర్చి చెట్టునొకదాన్ని పడగొట్టి, సిపాయిల మరుగుదొడ్డికి జానెడు దూరంలో ఆపాడు. లోపల అప్పుడు ఒక వంటవాడు ఉన్నాడు.

ల్యూడర్స్ ట్యాంకు మీదికి ఒక్క దూకు దూకాడు.

"ఒరేయ్ గుడ్డి దున్నపోతా! మొహాన ఉన్నవి కళ్ళా, చొక్కా బొత్తాలు పీకి కుట్టించుకున్నావా? ఇంకోసారి ఇట్లా తోలావంటే నిన్నే ఈ చక్రాల గొలుసుల కింద పరిచి పోనిస్తా!"

అని రోస్విటా గారి వైపు చూశాడు. ఆవిడ ఉన్ని టోపీ సర్దుకుని, చేతులు కట్టుకుని మొదలెట్టారు. మెల్లగా, తీరిగ్గా, మధ్యలో చిన్నగా నవ్వుతూ చెప్పుకుపోయారు. వింటున్న డెమ్యాన్ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత మెత్తబడింది. చివరికి గుండెల మీద చెయ్యి వేసుకుని ఏదో అన్నాడు.

"ఏమంటాడు?" అని అడిగాడు ల్యూడర్స్.

"అర్థమైందంటున్నాడు."

"అంతసేపా?"

"వాళ్ళ భాషలో 'అర్థమైంది' కొంచెం పొడుగండి."

ఆ రోజు నుంచి ఇదే వరస. ఆయన ఒక ముక్క అంటే ఆవిడ ఒక పేజీ చెబుతారు. అంకెలూ ఆజ్ఞలూ మాత్రం పొల్లుపోకుండా దాటేవి, అందులో ఆయన కూడా వంక పెట్టలేకపోయాడు. ఇంజనులో నూనె ఎంత పోయాలో, చక్రాల గొలుసు ఎంత బిగించాలో అక్షరం తేడా లేకుండా చెప్పేవారు. దాని వెనకాల ఆయన తగిలించిన గాడిదలూ పందులూ ఏమైపోయేవో తెలిసేది కాదు. వాటి చోట ఇంకేదో చేరేది. అదేమిటో తెలియకే ఆయనకు మనశ్శాంతి ఉండేది కాదు.

పైగా ఆ నలుగురి వాలకం రోజురోజుకీ వింతగా మారింది. తిట్టు తిన్నవాడు మొహం మాడ్చుకోవాలి. వీళ్ళు పొద్దున్నే కాఫీ తెచ్చి ఇచ్చేవారు. యారెమా ఆయన కూర్చునే చోట తడి తుడిచేవాడు. 'ఈ పొట్ట నింపేది అన్నంతోనా గడ్డితోనా' అని ఆయన హ్నాట్‌ను అడిగిన మర్నాడు, హ్నాట్ ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్పు పెట్టిన పంది కొవ్వులో సగం కోసి, రొట్టె మీద పెట్టి ఆయన చేతిలో ఉంచాడు. ఫోనులో ఎవరో పిల్ల బొమ్మ, ఒక ఆవు బొమ్మ చూపించాడు. ఆవును చూపించేటప్పుడు ఇంకాస్త ఎక్కువ మురిశాడు.

నలుగురూ ఆయన్ని ఏదో కొత్త మాటతో పిలవసాగారు. అదేమిటని అడిగితే, 'సార్' అనడమేనని రోస్విటా గారు చెప్పారు. ఆ మాటకు అర్థం 'బాబాయ్' అని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంటికి వెళ్ళి భార్య ఆంకె దగ్గర వెళ్ళగక్కుకునేవాడు. తన పేరు పెట్టుకుని ఎవరో ఇంకో మనిషి ఆ శిక్షణ మైదానంలో తిరుగుతున్నాడనీ, వాడు తనకంటే మంచివాడనీ, వాడంటే తనకు చచ్చేంత మంటగా ఉందనీ చెప్పుకొచ్చేవాడు. ఆంకె రొట్టెకు వెన్న రాసుకుంటూ వినేది.

చివరికి మేజరు గారి దగ్గరికి వెళ్ళి దుభాషిని మార్చమని అడిగాడు. కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారా లేదా అన్నాడు మేజరు. బాగానే నేర్చుకుంటున్నారని ఒప్పుకోక తప్పలేదు. మరి బాధేమిటన్నాడు మేజరు. ల్యూడర్స్ కాసేపు టోపీ నలిపాడు.

"సార్, నేను అరిచేది సరదాకి కాదు. రేపు అక్కడ వాళ్ళ మీద నిజం గుండ్లు పడతాయి. ఒక్క మాటకి కదలాలి వాళ్ళు. ఈవిడేమో వాళ్ళకి లాలిపాటలు పాడుతోంది. నా ట్యాంకుల్లో వాళ్ళు చస్తే ఆ పాపం ఎవరిది?"

మేజరు నవ్వబోయి మానేశాడు. నిజం గుండ్లు పేల్చే రోజు తానే వచ్చి చూస్తాననీ, అవసరమైతే ఆ సాయంత్రమే ఆవిడను ఇంటికి పంపుతాననీ అన్నాడు.

ఆ రోజు చలిగాలికి మైదానంలో పొదలన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి. మేజరు, రోస్విటా గారు కాపలా బురుజు మీద ఉన్నారు. ఆవిడ చెవులకు హెడ్‌ఫోను, నోటి దగ్గర మైకు. ల్యూడర్స్ ట్యాంకు పైమూత తెరుచుకుని నడుం దాకా బయటికి నిలబడి, వంగి లోపలికి చూస్తున్నాడు. మొదటి గుండ్లు చక్కగా తగిలాయి. తర్వాతి గుండు పెట్టేటప్పుడు హ్నాట్ చేతి తొడుగు ఒకటి జారి ఫిరంగి వెనక్కి పడింది. పేలినప్పుడు ఆ ఫిరంగి వెనక్కి తన్నే తన్నుకు అడ్డంగా ఏముంటే అది పిండి అయిపోతుంది. హ్నాట్ సరిగ్గా అక్కడికి వంగాడు. తొడుగు కోసం. యారెమా వేలు మీట మీద ఉంది.

ల్యూడర్స్ గొంతులోంచి సగం మాటే బయటికి వచ్చింది. ఆ సగంలోనే ప్రమాదం పసిగట్టిన రోస్విటా గారి గొంతు, అది పూర్తికాకముందే, అందరి చెవుల్లోనూ పేలింది. ఒక్కటే మాట. పైపు జారి కాళ్ళ మీద పడబోతుంటే ఆ పైపులైను కూలీలు అనుకునే మాట అది. హ్నాట్ వెనక్కి ఎగిరి గోడకు అతుక్కుపోయాడు. యారెమా వేలు గాల్లో నిలబడిపోయింది. ఫిరంగి పేలలేదు.

బురుజు మీద మేజరు మెట్ల వైపు చూస్తూ గడ్డం గీరుకున్నాడు. ఆ మాట తన తాత ఒక్కసారే వాడాడనీ, అదీ పొడవడానికి వచ్చిన ఎద్దు మీదనీ ఓస్టాప్ తర్వాత చెప్పాడు.

హ్నాట్ బయటికి వచ్చి ల్యూడర్స్‌ను కావలించుకున్నాడు. ల్యూడర్స్ కాళ్ళు నేలకు ఆనలేదు. రోస్విటా గారు మాత్రం ఆ మాటకు సిగ్గుపడి, మధ్యాహ్నం భోజనానికి కూడా రాకుండా బురుజు మీదే కూర్చున్నారు. దుభాషిని మార్చే సంగతి ఏమిటని సాయంత్రం మేజరు అడిగితే, ఏ దుభాషి అన్నాడు ల్యూడర్స్.

చదువు పూర్తయింది. వెళ్ళేముందు రోజు మైదానం అంచున నిప్పు చేసి మాంసం, సాసేజీలు కాల్చారు. అందరూ తింటుండగా ఓస్టాప్ సీసా పట్టుకుని ల్యూడర్స్ పక్కన వచ్చి కూర్చున్నాడు. తేటతెల్లమైన జర్మన్‌లో మాట్లాడటం మొదలెట్టాడు.

"బాబాయ్, ఒక సంగతి చెప్పకుండా పోతే బాగుండదు. నేను యుద్ధానికి ముందు హనోవర్‌కి సరుకు లారీ నడిపేవాణ్ణి. ఏళ్ళ తరబడి. మీ భాషలో ముందు నేర్చుకున్నవి తిట్లే."

ల్యూడర్స్ చేతిలో సాసేజీ అలాగే ఉండిపోయింది.

"మొదటి రోజు నుంచీ అన్నీ విన్నావా?"

"అన్నీ. ఆ బొత్తాల మాట నేను దాచుకున్నాను, ఎప్పటికైనా పనికొస్తుందని."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నన్నే దుభాషిని చేస్తారు కదా. అప్పుడు మావాళ్ళు మీరన్నది వినాల్సి వచ్చేది. అమ్మమ్మ చెప్పేదే బాగుంది."

అమ్మమ్మ ఏం చెప్పేదో అప్పుడు బయటపడింది. డెమ్యాన్ చెట్టు పడగొట్టిన రోజు ఆవిడ చెప్పింది ఇదట: 'నీకేమైనా అవుతుందేమోనని ఈయన భయపడుతున్నాడు నాయనా. కుర్రతనంలో తానే ట్యాంకును తీసుకెళ్ళి భోజనశాల గోడలో దూర్చాడట. వేగంగా పో, భయం లేదు. కానీ ఓస్టాప్ చూసి చెప్పాకే పో.' హ్నాట్‌తో ఏమన్నారంటే, 'నీ చేతులు బంగారమట, రెండూ ఇంటికి చేరాలట' అన్నారు. ఓస్టాప్ చెప్పుకుపోతున్నాడు. ల్యూడర్స్ మెడ దగ్గర మొదలైన ఎరుపు నెత్తి దాకా పాకింది. సాసేజీ పక్కన పెట్టి లేచాడు.

రోస్విటా గారు క్యాంటీన్‌లో కప్పులు కడుగుతున్నారు. ఎవరూ చెప్పని పని.

"మేడమ్, నేననని మాటలు నా నోట్లో పెట్టారు మీరు."

"అననిది ఒక్కటీ లేదండీ."

"ఆ గోడ సంగతి నేనెప్పుడు చెప్పాను? చేతులు బంగారమని ఎప్పుడన్నాను?"

"నిద్రలో."

ఆవిడ కప్పు బోర్లించి, చెయ్యి తుడుచుకుని, నిదానంగా చెప్పారు. రొట్టెల కొట్టు దగ్గర రోజూ పొద్దున ఆవిడా ఆంకె గారూ ఒకే వరసలో నిలబడతారు. ల్యూడర్స్ గారు నిద్రలో డెమ్యాన్ పేరు పెట్టి 'మెల్లగా, మెల్లగా' అంటారనీ, 'చెయ్యి తియ్యి నాయనా' అని దుప్పటి లాగేస్తారనీ ఆంకె గారు చెప్పేవారట. ఆ గోడ కథా, ప్రతి జట్టు కోసమూ ఆయన ఇలాగే కలవరించే సంగతీ ఈ కుర్రాళ్ళు రాకముందే ఆవిడ చెప్పిందట.

"పగలు మీరు అనేదానికి నా అవసరం ఏముందండీ? ఆ గొంతు వింటే ఏ దేశం వాడికైనా అర్థమవుతుంది. రాత్రి మీరు అనేదే వాళ్ళకి చేరడం లేదు. అది అనువదించాను."

ల్యూడర్స్ ఒక కప్పు తీసుకుని తుడవడం మొదలెట్టాడు. "ఆంకె ఇంకేం చెప్పింది?" అని అడిగాడు చివరికి.

"గురక సంగతి నేను అనువదించలేదు" అన్నారు రోస్విటా గారు.

మర్నాడు ట్యాంకులను రైలు వ్యాగన్ల మీదికి ఎక్కించి, గొలుసులు వేసి, టార్పాలిన్లు కప్పారు. సిబ్బందిని తీసుకెళ్ళే బస్సు పక్కనే ఆగింది. పటాలం తరఫున ల్యూడర్స్ నాలుగు మాటలు చెప్పాలి. గాలి వడపోసే జల్లెడల గురించి, నూనె మార్చడం గురించి అంతా బుర్రలో సిద్ధం చేసుకునే వచ్చాడు. ఆ నలుగురినీ వరసగా చూసేసరికి జల్లెడలన్నీ ఎటో పోయాయి.

"నిప్పంటుకుంటే ట్యాంకు వదిలెయ్యండి. కాలిపోతే పోనీ, అది ఇనుము. మీరు దూకెయ్యండి. నలుగురూ."

అని నేలచూపులు చూశాడు. రోస్విటా గారు అనువదించారు. ఆయన ఎంతసేపు మాట్లాడాడో అంతేసేపు. ఆయన తలెత్తి మిగతాదాని కోసం చూశాడు.

"అంతేనా?"

"అంతేనండీ. కలపడానికి ఏమీ లేదు."

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. హ్నాట్ వంగి ఆవిడ చెవిలో ఏదో అడిగాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ ల్యూడర్స్ వైపు తిరిగారు.

"మీకు ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నాడు. ఎప్పుడూ ఇంత తక్కువ మాట్లాడరు కదా అంటున్నాడు. వీళ్ళకి దిగులుగా ఉందట."

ల్యూడర్స్ చుట్టూ చూశాడు. డెమ్యాన్ సంచి జిప్పు తెరుచుకుని ఉంది, లోంచి ఒక మేజోడు వేలాడుతోంది. ఆయన రొమ్ము విరుచుకుని ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ మేజోడుతో మొదలుపెట్టి, దాన్ని వేసుకునే కాళ్ళను, ఆ కాళ్ళున్న మనిషిని, పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్న ముగ్గురినీ వరసపెట్టి, రైలు పట్టాలు కూడా ఉలిక్కిపడేలా కడిగేశాడు. హ్నాట్ మొహం విప్పారింది. యారెమా కూడా కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఓస్టాప్ కొత్త మాటలు రెండు నోట్లోనే అనుకుని గుర్తుపెట్టుకున్నాడు.

అందరూ రోస్విటా గారి వైపు తిరిగారు. ఆవిడ ఉన్ని టోపీ సర్దుకున్నారు, చేతులు కట్టుకున్నారు, మొదలెట్టారు.

బస్సు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. అనువాదం ఇంకా సగంలోనే ఉంది.