పగటి స్నానం

చీకటితో చీపురు పట్టుకుని మదనపల్లె వీధుల్లోకి పోయిన రెడ్డెమ్మ, మధ్యాహ్నం క్వార్టర్స్‌కు తిరిగొచ్చేసరికి కాలువ కంపు ఆమె వెంటే వచ్చేది. పారిశుధ్య కార్మికులకిచ్చిన ఆ ఇళ్లు ఒక్కొక్క గదివి. అద్దె జీతంలోనే పట్టుకునేవాళ్లు. స్నానాల గది కట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇంటి వెనక నాలుగు కట్టెలకు పాతచీర చుట్టి, పొద్దుగూకినాక, ఆ చీర గాలికి ఎక్కడ లేస్తుందోనన్న భయంతో ఆడవాళ్లు రెండు చెంబులు పోసుకునేవాళ్లు. అంతదాకా రెడ్డెమ్మ గడప బయటే కూర్చునేది. ఆ చేతులతో అన్నం కుండ ముట్టుకోబుద్ధి కాదు.

పని నుంచి రాగానే, ఎండ ఉండగానే, తలుపేసుకుని ఒళ్లు తేలికయ్యేదాకా నీళ్లు పోసుకోవాలి. ఆ క్వార్టర్స్‌లోకి కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమె కోరిక అదొక్కటే.

జన్మభూమి సభలు జోరుగా సాగుతున్న రోజుల్లో, తన ఇష్టం మీద నిధులిచ్చే అధికారమున్న ఒక పెద్దాయన క్వార్టర్స్ సంఘాన్ని ఏదో ఒక పని కోరుకోమన్నాడు. రెడ్డెమ్మ లేచి స్నానాల గదులు అడిగింది. మగవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"నువ్వడిగింది న్యాయమేమ్మా. అయితే శిలాఫలకం యాడ పెట్టేది? మీరు నీళ్లు పోసుకునే గోడకా నా పేరు?"

పేరున్న రాయికి పరువైన గోడ కావాలి గనక కమ్యూనిటీ హాలు వచ్చింది. తాళంచెవి సంఘం ప్రెసిడెంటు గోవిందస్వామి దగ్గర. ఫంక్షనుకు ముందు హాలు కడిగే పని, కూలి లేకుండా, రెడ్డెమ్మకు.

మొదటిసారి కడిగినప్పుడు మూలన తూము కనబడింది. తలుపుకు గట్టి గడియ ఉంది. కాసేపు గడియ వైపే చూసి, వేసేసింది. మిగిలిన బకెట్ నీళ్లు నెత్తిన పోసుకుంది. పైకిటికీలోంచి ఎండ భుజం మీద పడింది. మోకాలి మీద చిన్ననాటి మచ్చ ఇంకా ఉందా అని వంగి చూసుకుంది.

అప్పటినుంచి ఊళ్లోవాళ్ల శుభకార్యాల కోసం ఆమె ఎదురుచూపు. ఎదురుపడ్డ ప్రతి తల్లినీ పాపకు చెవులెప్పుడు కుట్టిస్తారని అడిగేది. పుంగనూరులో పెళ్లి పెట్టుకుంటామన్నవాళ్లతో, ఇక్కడ ఇంత హాలుండగా అక్కడికెందుకని వాదానికి దిగేది.

ఆషాఢం వచ్చింది. హాలుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. గడప బయట దిగులుగా కూర్చున్న రెడ్డెమ్మను పక్కింటి కమరున్నీసా పలకరించింది. ఆమె మొగుడు చెత్త లారీ డ్రైవరు. రెడ్డెమ్మ అంతవరకు ఎవరికీ చెప్పని హాలు స్నానాల సంగతి సిగ్గుపడుతూ చెప్పింది. కమరున్నీసా ఇంటి వెనకా ఉన్నది పాతచీరే.

"మాకు ఆషాఢం లేదు గదక్కా," అని లేచింది.

కూతురు హుమా పోయినేడే ముగించిన ఖురాను చదువుకు ఇప్పుడు దావత్ ఇస్తున్నామని చెప్పి తాళంచెవి తెచ్చింది.

మరునాటి మధ్యాహ్నం గోవిందస్వామి వచ్చేసరికి హాలు ముందు ఆడవాళ్లు బకెట్లతో, బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు.

"దావత్ యాడమ్మా? పొయ్యి గూడా ఎలిగిచ్చినట్టు లేదే."

"సుట్టాలంతా వచ్చేసినారు, సూడన్నా," అంది కమరున్నీసా.

గోవిందస్వామి వరసంతా చూశాడు. చివర బకెట్‌తో అతని పెళ్లాం నిలబడి ఉంది. ఆమె తల దించుకోలేదు. అతనే దించుకుని, వచ్చిన దారినే పోయాడు.

లోపల రెడ్డెమ్మ అన్నీ వింటూనే ఉంది. బకెట్లో ఇంకా సగం నీళ్లున్నాయి. ఇలాంటి తలుపూ తూమూ ఉన్న గది తనింట్లోనే ఉంటే, ఆఖరి చెంబుదాకా నిదానంగా పోసుకునేది. బయట ఎవరో మెల్లగా తట్టారు. నీళ్లు తర్వాతి మనిషికని వదిలి, తడి ఒంటికి చీర చుట్టుకుని, గడియ మీద చెయ్యేసింది. తియ్యడానికి చెయ్యి రాక, ఆ ఎండలో ఇంకాసేపు అట్లాగే నిలబడింది.