చివరెవరు?

ఓదాలిస్ మేడ మీద ఇప్పుడు బట్టలారేస్తున్న కేబుల్ వైరు ఒకప్పుడు హవానాలో ఆ పేటనంతా కలిపింది. ఇళ్లకు నెట్ రాని రోజుల్లో డాబా నుంచి డాబాకు వైర్లు లాగి, ఇరుగుపొరుగు కంప్యూటర్లను ఆమే ఒక్కటి చేసింది. తర్వాత అనుమతి లేని వైరు వీధి దాటితే నేరమని చట్టం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఎవేలియో కటింగ్ ప్లయర్‌తో అన్నీ తెంపి, చుట్టలు చుట్టే పని కూడా ఆమెకే పెట్టాడు. అనుమతి కోసం ఎన్నిసార్లు తిరిగినా గోళ్లు చూసుకుంటూ "పరిశీలనలో ఉందమ్మా" అనేవాడు. అప్పటినుంచి ఒక వైరు ముక్క ఆమె వేలికి ఉంగరమై కూర్చుంది. అతని పేరు వినబడితే చాలు, దాన్ని తిప్పుతుంది.

ఇక్కడ రొట్టెల కొట్టు ముందు ఎవరూ బారులు తీరరు, నీడ దొరికినచోట కూర్చుంటారు. వచ్చినవాళ్లు "చివరెవరు?" అని అడగాలి. చివరివాళ్లు పలికితేనే వాళ్ల వెనక చోటు. ఈ ఉదయం ఓదాలిసే చివర. ఎవేలియో సంచీతో వచ్చి రెండుసార్లు అడిగాడు. ఆమె ఉంగరం తిప్పుకుంటూ ఊరుకుంది. మిగతావాళ్లు చెప్పులు చూసుకున్నారు. అంతలో ఒక ముసలావిడ వచ్చి అడగ్గానే, "నేనే అవ్వా" అని ఓదాలిస్ చెయ్యెత్తింది.

"నేనడిగితే నోరు పెగల్లేదేం?" అన్నాడు ఎవేలియో.

"ఒకరి వెనక ఒకరిని కలపాలంటే అనుమతి ఉండాలి కదా సారూ. ఆవిడకిచ్చేశాను," అంది ఓదాలిస్ గోళ్లు చూసుకుంటూ. "మీది పరిశీలనలో ఉంది."