శెట్టిగారి దొర కుర్చీ

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి హనుమంతయ్య శెట్టి ఇంట్లో ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటుండేది. నూటయాభై ఏళ్ల కిందట ఎవరో కలెక్టరు దొర అందులో కూర్చుని కాఫీ తాగాడని శెట్టి చెప్పేవాడు. ఏ దొర అని అడిగితే ఆయనకు కోపం వచ్చేది. వియ్యంకులొచ్చినా చాప మీదే కూర్చోవాలి. దసరా వస్తే గజంబద్దతో పాటు ఆ కుర్చీకీ పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేవాడు.

1956 నవంబరులో కొత్త రాష్ట్రం వచ్చిన సంబరానికి మా స్కూల్లో పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. నేను డ్రాయింగు మాస్టర్ని. ప్రతి వస్తువు పేరూ వయసూ అట్టముక్క మీద అందంగా రాయడం నా పని. శెట్టిగారి కుర్చీ బండి దిగీ దిగగానే ‘నూటయాభై సంవత్సరములు’ అని ఎర్రసిరాతో రాసేశాను. హెడ్మాస్టరు నారాయణగారు మాత్రం ఎవరి మాటనూ ఊరికే నమ్మే మనిషి కాదు. జమ్మలమడుగుకు మనిషిని పంపి చాంద్ బాషాను పిలిపించారు.

చాంద్ బాషా వడ్రంగి. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. చెక్క విషయంలో అబద్ధమాడడని పేరు. పులివెందులలో ఒక పెళ్లివారు కొత్త మంచం చూపించి, టేకే కదా అని పదిమందిలో అడిగారట. “తుమ్మ. రంగేసినారు” అన్నాడు. ఆ పూట అతనికి అన్నం పెట్టినవాళ్లు లేరు. అయినా మాట మార్చలేదు. తొండూరు నుంచి మైదుకూరు దాకా అన్నదమ్ములు పాత బీరువా కోసం కొట్టుకున్నా, అతను చెప్పిందే చెల్లేది. అతనికున్న ఆస్తల్లా ఆ మాటే.

అతని వెంట తండ్రి సిరాజుద్దీన్ కూడా బస్సెక్కి వచ్చాడు. ఆయనా వడ్రంగే, డెబ్బై అయిదు దాటినవాడు. ప్రొద్దుటూరు దోసె తినాలని ఆయన కోరిక. కొడుకు పనిని ఆయన ఒక్కనాడూ బాగుందనలేదు. “వంకర లేదు” అన్నాడంటే చాంద్ బాషాకు అది పండగ.

చాంద్ బాషా కుర్చీని బోర్లా తిప్పాడు. గోటితో గీకాడు, వాసన చూశాడు. అడుగున ఒకచోట ఉలి జారి గాలం ఆకారంలో గీత పడింది. దాని మీద అతని వేలు ఆగిపోయింది.

“ముప్పై ఒకటి” అన్నాడు.

“నూటాముప్పై ఒకటా?” పందొమ్మిదేళ్లు తగ్గినందుకే శెట్టి ముఖం చిన్నబోయింది.

“కాదు శెట్టీ. ఉత్త ముప్పై ఒకటి. ఇది నేను చేసిందే. పదిహేడేండ్లప్పుడు, తాసిల్దారు కచేరీకి చేసినా. నా మొదటి కుర్చీ. చెక్క మటుకు శానా ముసిలిది, ఏదో పాత తలుపుది.”

“మా నాయన ఆ కచేరీ వేలంలోనే పాడినాడప్పా! దొర కూర్చున్యాడని ఆడ వేలమేసిన అమీనే చెప్పినాడంట!”

“అమ్ముకునేటోడు ఇంకేం చెప్తాడు శెట్టీ?”

“ఇంత మంచి కుర్చీ, పదిహేడేండ్లకు నువ్వు చేసినావా? ఏంది బాషా, కోతలు కోస్తాండావు!”

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చాంద్ బాషా ముఖం నల్లబడింది. పరుల పనిని గురించి అతనేం చెప్పినా నమ్మిన జనం, తన పని ఇది అనగానే నమ్మలేదు.

అతను వరండాలో కూర్చున్న తండ్రి వైపొకసారి చూసి తల దించుకున్నాడు. “ఎనక కాలు బెజ్జంలో వదులైంది. అబ్బా చూస్తే తంతాడని పేకముక్క మడిచి లోపల పెట్టినా. ఇస్పేటు రాజు. ఊడదీసి చూద్దాం. లేకుంటే ఈపొద్దు నుంచి చెక్క గురించి నోరు తెరవను” అన్నాడు.

బెజ్జంలో కాగితం కుక్కడమంటే వడ్రంగికి పాలల్లో నీళ్లు కలిపినంత సిగ్గు. ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

శెట్టి సరేనన్నాడు. కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కాలు ఊడివచ్చింది. లోపల పేకముక్క లేదు. నున్నగా చెక్కిన సన్నటి టేకుముక్క ఉంది.

“రాజు యాడ బాషా?” అన్నాడు శెట్టి.

చాంద్ బాషా నేల మీద కూలబడ్డాడు. ఆ ముఖం చూసి నాకు నవ్వు ఆగిపోయింది.

“రాజు నా కట్టలో ఉండాడు” అన్నాడు వరండాలోంచి సిరాజుద్దీన్.

అందరం అటు తిరిగాం.

“ఆపొద్దు సాయంత్రం ఆటకు కూర్చుంటే యాభైఒక్క ముక్కలే ఉండాయి. ఎవుర్ని అడగాల? ఇంట్లో పేకుందని మీ అమ్మకు తెలిస్తే నన్ను బతకనిస్తదా? రెండు దినాలు ఎతికినా. ఈ కుర్చీ కాలు కదిలిచ్చి చూస్తే ఈడ దొరికినాడు. ఆయప్పను తీసుకోని, చెక్కముక్క పెట్టినా. నిన్ను తన్నాలంటే ముక్క సంగతి బయటికొస్తది, అందుకని ఊరుకున్యా. దాన్ని తిప్పి చూడు.”

టేకుముక్క అంచున మూడు చిన్న ఉలి గాట్లున్నాయి. సిరాజుద్దీన్ చేసిన ప్రతి వస్తువు మీదా ఉండే గుర్తు. శెట్టి వంగి చూసి నోరు తెరిచాడు. ఆయన అంగడి తలుపు మీద, రోజూ తాళం తీసేచోట, అవే మూడు గాట్లు.

తండ్రీకొడుకులు కాలు బిగించారు. తర్వాత ముసలాయన ఎవరినీ అడక్కుండా కుర్చీలో కూర్చున్నాడు. శెట్టి చెయ్యెత్తబోయి ఊరుకున్నాడు. ఆయన అటూ ఇటూ ఊగి చూశాడు. కిర్రుమనలేదు.

“బాగా చేసినావు రా” అన్నాడు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి గోడవైపు తిరిగి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. నేను ఎర్రసిరా అట్టను చింపేసి కొత్తది రాశాను: ‘ముప్పైఒక్క సంవత్సరములు. జమ్మలమడుగు. చేసినవారు: చాంద్ బాషా.’

మూడో రోజు అతని తల్లి రహమత్‌బీ తండ్రీకొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని కొడుకు పేరు చూడ్డానికి వచ్చింది. అట్ట చదివించుకుని మురిసిపోయింది. తర్వాత, “బెజ్జంలో ఏందో దొరికిందంట, ఊరంతా చెప్పుకుంటాండారు. ఏందిరా అది?” అని అడిగింది.

సిరాజుద్దీన్ పైకప్పు దూలాలు లెక్కపెట్టసాగాడు.

“టేకుముక్క, అమ్మీ” అన్నాడు చాంద్ బాషా.

చెక్క విషయంలో అతను ఆరోజు కూడా అబద్ధమాడలేదు.