గ్రీజు డాక్టరు

మా బావ గొప్ప డాక్టరని మా అక్క నమ్మకం. ఆయన చూసేది మనుషుల్ని కాదు, నీటి మీద పరిగెత్తే స్కూటర్లని. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకీ, రెండో కొన చెవికీ ఆనించి కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి కళ్లు తెరిచి "సీలు పోయింది" అంటాడు. ఏ బండి వచ్చినా ఇదే మాట. నీళ్లు లోపలికి రాకుండా అడ్డుపడే ఆ రబ్బరు చుట్టుని మార్చి, దాని చుట్టూ గుప్పెడు గ్రీజు కూరి, చేతులు తుడుచుకుంటాడు. ఆయన షెడ్డులో పనిచేసే మేమంతా ఆయన్ని గ్రీజు డాక్టరు అంటాం, ఆయన లేనప్పుడు.

బతుకంతా నీటి బండ్లతో గడిపిన ఈ మనిషి మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఎరగడు. ఈత రాదు, నీళ్లంటే హడల్. బాగుచేసిన బండిని స్టాండు మీదే ఉంచి, ఇంజను వేడెక్కకుండా గొట్టంతో నీళ్లు పట్టి, కాసేపు తిప్పి పంపేస్తాడు. బండిలోకి నీళ్లు వస్తాయో రావో పొడినేల మీద తేల్చే ఘనుడు ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఆయన కూతురు తీరంలో రక్షణ దళంలో పనిచేస్తుంది. మునిగిపోతున్నవాళ్లని బండి మీద వెళ్లి లాక్కొస్తుంది. తండ్రి పోలిక ఒక్కటీ రాకపోవడం మేం చేసుకున్న పుణ్యం. ఆ మధ్య ఆమె బండి పొట్టలో నీళ్లు చేరడం మొదలైంది. ఇంజను నుంచి వెనక పంకాకి వెళ్లే కడ్డీని షాఫ్టంటారు. అది పొట్ట గోడని దాటే చోట రబ్బరు సీలుంటుంది. నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయి. బావ ఆ మాత్రం సరిగ్గానే చెప్పాడు. ఎప్పుడూ అదే చెప్పేవాడికి ఒకసారైనా తగలదా మరి. సీలు మార్చాడు, మళ్లీ నీళ్లు. ఇంకోసారి మార్చి, ఇంకాస్త గ్రీజు కూరాడు. మళ్లీ నీళ్లే.

"సీళ్లు మునుపట్లా రావడం లేదురా" అన్నాడు నాతో.

"షాఫ్టు తుడిచి చూడు బావా. సీలు ఒరుసుకునే చోట అరిగిందేమో. అరిగితే ఎన్ని సీళ్లు మార్చి ఏం లాభం?"

ఒంటికాలి మీద లేచాడు. "బండ్ల పగుళ్లు అతికించి రంగులేసుకునేవాడివి, నువ్వు నాకు చెబుతావా?"

సీలు మార్చాలంటే షాఫ్టు లాగక తప్పదు. అంటే మార్చినప్పుడల్లా అది ఆయన చేతిలోకి వచ్చింది. మార్చినప్పుడల్లా గ్రీజు పూసి తోసేశాడు. గుడ్డతో తుడిచి తడిమి చూసిన పాపాన పోలేదు.

బండి తీసుకెళ్లడానికి కూతురు వచ్చింది.

"నిశ్చింతగా వెళ్లు తల్లీ. ఇంక చుక్క నీరు రాదు."

"పోయినసారీ అదే అన్నావు నాన్నా. ఒకతన్ని పట్టుకొస్తుంటే మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఇంకో బండి వచ్చేదాకా అతన్ని పట్టుకుని అలల్లో వేలాడాను. అమ్మకి చెప్పలేదు."

ఆమె నారింజరంగు లైఫ్ జాకెట్ ఒకటి తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇవాళ నా వెనక కూర్చో. దూరంగా ఒక చుట్టు తిరిగొద్దాం."

బావ నీళ్లు నమిలాడు. నడుం నొప్పన్నాడు, షెడ్డు చూసుకునేవాళ్లు లేరన్నాడు. షెడ్డు నేను చూసుకుంటానన్నాను, కావాలనే. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

బావ జాకెట్ వైపు చూశాడు. తర్వాత లేచి, వెనక పంకా ఉన్న పంపు విప్పాడు. షాఫ్టు లాగి, కిరోసిన్‌తో గ్రీజంతా కడిగి, దీపం కింద పెట్టి గోటితో గీశాడు. గోరు తట్టుకుంది. సీలు కూర్చునే చోట చుట్టూరా గాడి పడి ఉంది.

కొత్త షాఫ్టు, కొత్త సీలు వేశాడు. అంతటితో ఊరుకోలేదు. బండిని నీళ్లలోకి దింపి తాళ్లతో కట్టమన్నాడు. సీటు తీయించి, ఇంజను నడిపించి, నన్ను లోపలికి టార్చి వేసి చూడమన్నాడు. ఆయన మాత్రం గట్టు మీదే నిలబడ్డాడు. షాఫ్టు చుట్టూ పొడిగా ఉంది.

"షాఫ్టులు కూడా మునుపట్లా రావడం లేదు" అన్నాడు.

నా మేనకోడలు పాత షాఫ్టు అందుకుని, గాడి మీద తన గోరు ఆనించి చూసుకుంది.

"నువ్వు ఎక్కాలనేసరికి కనబడింది" అంది. "ఇన్నాళ్లూ ఎక్కింది నేనే కదా నాన్నా."

అంతవరకూ బావని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆ రోజు నుంచి ఆ నవ్వు కూడా మునుపట్లా రావడం లేదు.