మంగళవారం ఇరవై నిమిషాలు

గడియారాల బాబాయికి వారం మొత్తంలో ఉన్నది ఒక్క మంగళవారమే. మిగతా ఆరు రోజులూ ఎలా వచ్చాయో అలాగే పోతాయి. గీసుకోవడానికి గడ్డం ఎప్పుడో రాలిపోయింది గనక ఆ శ్రమ తప్పింది గానీ, మంగళవారం పొద్దున్నే ఉతికిన మేజోళ్ళు వేసుకుని, ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, పదకొండింటికి పిలుస్తారని తెలిసీ తొమ్మిదిన్నరకే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుంటాడు.

నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించి చీమ తలకాయంత మరలు తిప్పిన మనిషి. భార్య పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. పేగులో ఉన్నది క్యాన్సరని డాక్టరు చెప్పినప్పుడు, దుకాణం ఎన్నాళ్ళు మూయాలని మాత్రం అడిగాడట. మూడో విడత మందు ఎక్కాక వేళ్ళే ఆ జవాబు చెప్పాయి. పట్టకారులోని మర ఎప్పుడు జారిపోయిందో ఆయనకి తెలియలేదు. ముందు వేళ్ళు, ఆ తర్వాత పాదాలు మొద్దుబారాయి. మందు వల్ల అలా అవుతుందని, కొందరికి నెమ్మదిగా తగ్గుతుందని చెప్పి, కాస్త హాయిగా ఉంటుందేమో చూడమని వరండా చివరి గదికి డాక్టరే చీటీ రాసిచ్చాడు.

ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక ముక్కాలిపీట, మడతపెట్టిన తువ్వాళ్ళు. గోడ మీద బోర్డు: ‘ఇక్కడ చేసేది జబ్బును తగ్గించదు. ఒంటికి సుఖాన్నిస్తుంది. మీ మందులు మానకండి.’ బాబాయికి ఆ బోర్డు భలే నచ్చింది. ఇంటికొచ్చి ఈ వేరు, ఆ కషాయం అని ఊదరగొట్టి వెళ్ళిన చుట్టాల్లో ఒక్కరూ ఇంత నిజాయితీగా మాట్లాడలేదు. కాసేపు పక్కన కూర్చున్నవాళ్ళూ లేరు.

అక్కడ పాదాలకి నూనె రాసి మర్దనా చేసే ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. పీట మీద కూర్చుని, పాదాన్ని ఒళ్ళో తువ్వాలు మీద పెట్టుకుంటుంది. మందు ఎక్కినవాళ్ళ ఒళ్ళు ఇట్టే కమిలిపోతుంది గనక ఎంత నొక్కాలో మనిషిని అడిగి నొక్కడం ఆవిడ పద్ధతి.

“తెలుస్తోందా బాబాయ్?” అని మాటిమాటికీ అడిగేది.

తెలియడం లేదు. ఆవిడ వేళ్ళు కదలడం కంటికి కనిపిస్తోంది, అంతే. కానీ ఆ మాట అంటే నీకిది దండగని చీటీ చింపేస్తారేమోనని భయం. ఈ ఆరేళ్ళలో ఆయన్ని ముట్టుకున్నవాళ్ళంతా సూదులు పట్టుకునే ముట్టుకున్నారు. అందుకని “తెలుస్తోందమ్మా, ఇంకాస్త గట్టిగా” అనేవాడు. గట్టిగా నొక్కితే నిజంగానే తెలుస్తుందేమోనన్న ఆశ ఒకటి.

ఆరో మంగళవారం ఆవిడ ఆయన మేజోడు తీసింది. మడమ పైన వరసగా నాలుగు నల్లటి మచ్చలు, ఇటుపక్క ఇంకొకటి. తాకకుండా తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. అచ్చంగా, పోయిన వారం నొక్కిన తన వేళ్ళే. చేతులు తుడుచుకుని, గదికొచ్చినవాళ్ళ వివరాలు రాసే పుస్తకం తెరిచి, తను మరీ గట్టిగా నొక్కడం వల్లే ఇలా అయిందని రాసి డాక్టరుకి చూపిస్తానంది. ఈ గది ఎందుకని పైవాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారట. మూసేస్తే మూసేస్తారు, ఇకమీదట ఇంకొకరి ఒంటి మీద చెయ్యి వేసే ధైర్యం తనకి లేదంది.

బాబాయి నోరు మూసుకుంటే ఆవిడ పని పోతుంది. విప్పితే తన మంగళవారం పోతుంది. ఆవిడ కలం కాగితం మీద ఆనింది.

“అలా రాయకమ్మా. నాకు ఒక్కనాడూ తెలియలేదు. అబద్ధం చెప్పాను.”

“ఎందుకు బాబాయ్?”

“తెలియడం లేదంటే రావద్దంటావని.”

ఆవిడ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. తర్వాత రాసింది. పాదాల్లో స్పర్శ లేదని, కమిలిన మచ్చలున్నాయని, ఇవాళే రక్తం పరీక్ష చేయించాలని, డాక్టరు చెప్పేదాకా నూనె రాయకూడదని, అన్నీ రాసి ఆయనకి చదివి వినిపించింది. బాబాయి తలూపి మేజోడు తొడుక్కోబోయాడు. వేళ్ళకి అంచు అందలేదు. ఆవిడే తొడిగింది. గోడ గడియారం ప్రకారం ఆయన ఇరవై నిమిషాల వంతులో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

“పోనీ, ఎక్కడ తెలుస్తుంది?” అంది.

ఎక్కడ నొప్పి అని అడిగినవాళ్ళే గానీ ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బాబాయి, అద్దంలో తనే చూసుకోవడం మానేసిన తల మీంచి టోపీ తీశాడు. ఆవిడ చేతులు మళ్ళీ తుడుచుకుని, నొక్కకుండా, అరచెయ్యి నడినెత్తి మీద ఆనించింది. వెచ్చగా ఉంది. చిటికెనవేలి మొదట్లో కాస్త గరుకుగా ఉంది. బాబాయికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

“తెలుస్తోందమ్మా,” అన్నాడు. ఇంకాస్త గట్టిగా అని అడగలేదు.