లావు తీగ

నరసన్నపేట దాటాక హైవే పక్కన పొలాలు చదును చేసి వేసిన కాలనీ ఒకటి ఉంది. నాగబాబు దానికి లైన్‌మన్. అతను ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడ సగం ప్లాట్లు ఖాళీగా ఉండేవి. ఫ్యాన్లు, టీవీలు, నీళ్ల మోటార్లు తప్ప పెద్ద వాడకం లేదు. అప్పుడు పెట్టిన ట్రాన్స్‌ఫార్మరే ఇప్పటికీ ఉంది. ఈలోగా మేడలు లేచాయి. ఏ మేడ గోడ చూసినా ఏసీ డబ్బాలే.

కాలనీ చివర మాత్రం ఒక రేకుల ఇల్లు మిగిలిపోయింది. అందులో గంగులు, చిన్నతల్లి ఉండేవారు. గంగులు ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు సముద్రం మీద వేటకు వెళ్లినవాడు. ఆయాసం పట్టుకున్నాక వేట మానేశాడు. పెళ్లాం చేపలమ్ముకోవడానికి పేట దగ్గరవుతుందని ఇక్కడికి వచ్చేశాడు. నాగబాబుదీ ఆ తీరమే. మావా, అత్తా అని పిలిచేవాడు. స్తంభం దిగినప్పుడల్లా వాళ్ల అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లేవాడు.

ఈ ఏడు ఏప్రిల్‌లోనే ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం భోజనాలు చేసి అందరూ ఒక్కసారే ఏసీలు వేసేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయేది. నాగబాబు వచ్చి తీగ వేసి వెళ్లేవాడు, కాసేపటికి మళ్లీ పోయేది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని తన పైఅధికారి ఏఈ గారితో మొరపెట్టుకున్నాడు.

"పైకి రాశాం. మంజూరయ్యేదాకా ఎలాగో నెట్టుకురా" అన్నాడాయన.

నెట్టుకురావడానికి నాగబాబుకు ఒక్కటే దారి కనిపించింది. ఇంటింటికీ వెళ్లి బతిమాలాడు.

"రోడ్డుకి ఈ పక్కోళ్లు కాసేపు, ఆ పక్కోళ్లు కాసేపు ఏసీలు ఏసుకోండి. ఇరవయ్యారు మీద పెట్టుకుంటే సాలండి, గది సల్లగానే ఉంటాది. అందరికీ కరెంటుంటాది."

బ్యాంకులో పనిచేసే ఝాన్సీ ముందుగా ఒప్పుకుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మాట తనే పెట్టి, పక్కవాళ్లకు నచ్చజెప్పింది. టైల్స్ షాపు పృథ్వీరాజ్ మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"ఏసీలు కొనుక్కున్నది గోడకి అందానికేటి? బిల్లు కట్టట్లేదేటి? కరెంటివ్వడం మీ పని."

అయినా నలుగురూ ఒప్పుకున్నాక అతనూ తగ్గాడు. కొన్నాళ్లు ఫ్యూజు పోలేదు. నాగబాబుకు లోలోపల గర్వంగానే ఉండేది.

"ఒరే అల్లుడా, నీ దయవల్ల రెక్క తిరగతన్నాది" అనేవాడు గంగులు, ఫ్యాను కింద నులకమంచం మీద కూర్చుని. "అది తిరిగితేనే నాకు ఊపిరాడతాది."

తర్వాత వడగాలులు మొదలయ్యాయి. పృథ్వీరాజ్ ఇంటికి చుట్టాలు వచ్చారు, అన్ని గదుల్లోనూ ఏసీలు వేశారు. వాళ్లకు లేని నియమం మనకెందుకని ఎదురింటివాళ్లూ వేశారు. చివరికి ఝాన్సీ కూడా పసిపిల్లను ఆ ఉక్కలో ఉంచలేక వేసుకుంది. ఫ్యూజు పోయింది. నాగబాబు వేశాడు. మళ్లీ పోయింది. స్తంభం చుట్టూ జనం మూగారు. పృథ్వీరాజ్ అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఇంకోసారి పోయిందంటే నిన్నీ స్తంభానికే కట్టేస్తాం!"

నాగబాబు ఏఈకి ఫోన్ చేశాడు. "పోకుండా చూడవయ్యా. ఎలా చూస్తావో నాకనవసరం" అని ఆయన పెట్టేశాడు.

ఫ్యూజు తీగ తెగితేనే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుందని నాగబాబుకు తెలుసు. తెలిసే, తెగని లావు తీగ బిగించాడు. ఆ రోజు కరెంటు పోలేదు. ఎవరో మజ్జిగ కూడా తెచ్చిచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. నూనె కారి, నల్లటి పొగ కాలనీ అంతా కమ్మింది.

ఎక్కడ చూసినా ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతున్న రోజులవి. కరెంటాఫీసు స్టోరులో కొత్తది అడిగితే సాయంత్రానికన్నారు. సాయంత్రం అడిగితే రేపు సాయంత్రానికన్నారు. మేడలవాళ్లలో కొందరికి ఇన్వర్టర్లున్నాయి. కొందరు విశాఖలో చుట్టాలింటికి వెళ్లిపోయారు. మోటారు ఆడక కాలనీ ట్యాంకు ఎండిపోయింది. నాగబాబు బిందెలతో నీళ్లు తెచ్చి గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచాడు. అవి చూస్తుండగానే ఆరిపోయాయి. గంగులు డొక్కలు ఎగరేస్తూ కూర్చున్నాడు.

"మావా, ఆస్పత్రికి పోదాం."

"ఎందుకురా? సాయంత్రానికొచ్చేస్తాదన్నావు కదేటి?"

"వచ్చేస్తాది మావా" అన్నాడు నాగబాబు. స్టోరువాళ్ల మాట మీద అతనికే నమ్మకం లేదు. అయినా అన్నాడు.

మర్నాడు అతను స్టోరు గేటు దగ్గర నిలబడి ఉండగా ఝాన్సీ ఫోన్ చేసింది. "గంగులు గారు పడిపోయారు. ఆటోలో ఎక్కిస్తున్నాం, తొందరగా రా." అతను ఆస్పత్రికి చేరేసరికి చిన్నతల్లి మెట్ల మీద కూర్చుని ఉంది. గంగులు ప్రాణం దారిలోనే పోయింది.

అంత్యక్రియలయ్యాక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. లైను కలిపింది నాగబాబే. మేడలన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. అతను రేకుల ఇంటికి వెళ్లాడు.

"అత్తా, ఆ రోజు లావు తీగేసింది నానే. సన్నదే ఉంచుంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది కాదు."

చిన్నతల్లి తల అడ్డంగా ఊపింది.

"తీగల సంగతి నాకేటి తెలస్తాది, బాబూ. సాయంత్రానికొచ్చేస్తాదన్నావు. ఆ మాటే పట్టుకుని కూకున్నాడు నీ మావ. నాను రిచ్చా పిలుత్తానన్నా ఒప్పలేదు."

వారం తిరక్కుండానే చిన్నతల్లి ఇంటికి తాళం వేసి తీరంలోని చెల్లెలింటికి వెళ్లిపోయింది. అక్కడికి వెళ్లి ఆమెను చూడాలని అతను రెండుసార్లు బయల్దేరి, దారిలోంచే వెనక్కి వచ్చేశాడు.

బదిలీ అడిగితే వేసవి అయ్యేదాకా కుదరదన్నారు. వేసవి ఇంకా సగం కూడా కాలేదు.