రెండు ఇటుకల సందు

మా పక్కింటి పెద్దాయన పోయిన సోమవారం దవాఖానలో కన్నుమూశారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారట డాక్టర్లు. ఆ నెమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. వాళ్లింట్లో చెప్పే ముఖం లేక మీతో చెప్పుకుంటున్నాను.

సరూర్‌నగర్ చెరువు కింద వరి పండిన రోజుల్లో ఆయన నీరటి. తూము తెరిచి ఏ మడికి ఎన్ని నీళ్లో చూసి వదిలేవారు. పొలాలు పోయి ప్లాట్లు వచ్చినా ఆయన ఆ పని మానలేదు. మీర్‌పేట వైపు మబ్బు పట్టగానే పార తీసుకుని వీధి కాలువలో ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచులు లాగేసేవారు. "బండి జర మెట్ల మీదికి ఎక్కియ్యుండ్రి సారూ. గంటల నీళ్లొస్తయి," అనేవారు. వచ్చేవి. మేం నవ్వుకునేవాళ్లం, బండ్లు మాత్రం ఎక్కించేవాళ్లం.

నా ఇల్లు పాత పంటకాలువ మీద ఉంది. అమ్మినవాడు చెప్పలేదు. చెబితే కొనలేనని నేనూ అడగలేదు. ప్రహరీ కట్టేటప్పుడు పెద్దాయన వచ్చి, "గోడ కింద రెండిటుకలంత సందు ఇడిసిపెట్టుండ్రి. నీళ్లు మీ వాకిట్లకెళ్లి మూసీ దిక్కు పోతయి. లేకుంటే నా మంచం కిందనే పండుకుంటయి," అన్నారు. వదిలాను. తర్వాత ఎలుకలు వస్తున్నాయని నేనే సిమెంటు పెట్టి మూసేశాను. ఆయన రెండుసార్లు అడిగారు. "చూద్దాం లెండి," అన్నాను. మూడోసారి అడగలేదు. నా గుమ్మం ముందు కాలువ తీయడం మాత్రం మానలేదు. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

ఈ వానాకాలం ఆయన ఇంట్లో రెండు రోజులు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నా ఇంట్లోకి చుక్క రాలేదు. తడిసిన మంచం మీదే కూర్చున్నారాయన. నేను ఫ్లాస్కులో టీ పంపాను. గోడ పగలగొట్టాల్సిన వాణ్ణి టీ పంపాను. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

నిన్న గడ్డపార తెచ్చి గోడ పొడిచాను. రెండు ఇటుకలు ఊడడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అవతల ఆయన కూతురు నిలబడి చూస్తోంది.

"ఇప్పుడెందుకు సార్?" అంది.

నేను ఊడిన ఇటుకలు ఏరి పక్కన పెట్టాను. ఆమె లోపలికెళ్లి పార తెచ్చింది.

"నాయినది. మీ ముంగట కాలువకు ఇగ మీరే గద," అని గోడ మీదుగా అందించింది.

పార మా గుమ్మం పక్కన ఆనించి ఉంది. దాని అంచున ఎండిన బురద మా కాలువదే.